నెల్లూరు నుంచి నాటాల్‌కు: భాష తెలిసిన చోట పరాయివాడైన తెలుగు మిషనరీ

న్యూఢిల్లీ: విమానం దిగి నగరంలోకి వచ్చేవారిలో చాలామందికి దేశ రాజధాని మొదట పరిచయమయ్యేది ధౌలా కువాన్ వద్ద. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఇక్కడ ఆగుతుంది. అక్కడి నుంచి కిలోమీటరుకు పైగా సాగే పాదచారుల వంతెన దాటితే పింక్ లైన్ స్టేషన్ వస్తుంది. రాజమహేంద్రవరంలో జన్మించి రాజ్యాంగ సభలో సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే దానికి పెట్టారు. సమీపంలోనే తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉంది. ఏటా కొత్తగా చేరే తెలుగు విద్యార్థులు ఆటో కిరాయి బేరమాడడానికి హిందీ మాటలు కూడబలుక్కునేది ఈ రోడ్ల మీదనే. కొంత దూరంలో, రామకృష్ణాపురంలో, విదేశీయుల నమోదు కార్యాలయం ఉంది. విద్యార్థికి భాష ఒక్కటే కొత్త. విదేశీయుడికి భాషతో పాటు కాగితం కూడా కావాలి. పరాయి నేల మీద అడుగుపెట్టిన ప్రతివారూ దాటవలసిన గడపలు ఈ రెండే: ఒకటి భాష, రెండవది చట్టం.

ఈ రెండు గడపల తేడా స్పష్టంగా కనిపించే చరిత్ర ఒకటి ఉంది. అది కొత్తగా పరదేశం చేరిన క్రైస్తవ మిషనరీల చరిత్ర. పర్యాటకుడు వారంలో తిరిగిపోతాడు, వ్యాపారి సరుకు అమ్ముడుపోగానే ఓడ ఎక్కుతాడు. మిషనరీ మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండాలి. అక్కడి నీళ్లు తాగాలి, అక్కడి మాటలతోనే మనుషుల మనసు తాకాలి. మిషనరీ అనగానే తెలుగు పాఠకుడి ఊహలో మెదిలేది టోపీ పెట్టుకుని ఎడ్లబండిలో ఊరూరా తిరిగిన తెల్లదొర. అయితే 1903లో ఒక తెలుగువాడే మిషనరీగా సముద్రం దాటాడు. ఆయన పేరు జాన్ రంగయ్య. చేరిన చోటు దక్షిణాఫ్రికాలోని నాటాల్.

కియర్స్నీ నుంచి పిలుపు

నాటాల్ చెరకు తోటలకు కూలీలను తరలించడం 1860లో మొదలైంది. ఆ ఏడాది అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ వలస ఆగిపోయే నాటికి ఒప్పందం మీద అక్కడికి వెళ్లిన భారతీయుల సంఖ్య 1,52,184. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు గుండా వెళ్లినవారు, అంటే ప్రధానంగా తమిళులు, తెలుగువారు. ఆ తెలుగువారిలో బాప్టిస్టు సంఘాలకు చెందినవారూ ఉన్నారు.

ఆ సంఘాలు ఎలా ఏర్పడ్డాయో కొంత చెప్పుకోవాలి. 1876–78 నాటి మహా క్షామంలో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి పని కల్పించేందుకు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకున్నారు. మిషనరీ కావడానికి ముందు ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. బోధన కోసం వచ్చిన మనిషికి చివరకు అక్కరకు వచ్చింది ఆ పాత విద్యే. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని సహాయ పనులు సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు నిలిపివేశారు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వీరిలో అత్యధికులు ఊరి చివర వాడల్లో బతికిన నిరుపేదలు. క్షామం, అప్పు, అంటరానితనం మోస్తున్న ఆ జిల్లాల నుంచే నాటాల్ ఓడలకు మనుషులు దొరికారు.

స్టాంగర్ పట్టణానికి లోపలివైపున కియర్స్నీ అనే చోట లీజ్ హ్యూలెట్ అనే ఆంగ్లేయుడికి తేయాకు తోట ఉండేది. అక్కడ పనిచేసిన తెలుగు క్రైస్తవులకు చుట్టుపక్కల ఇంగ్లిషు చర్చిలు లేకపోలేదు. వారికి లేనిది తమ భాషలో ప్రార్థన నడిపే బోధకుడు. ఆ కోరిక స్వదేశానికి చేరింది. తెలుగు బాప్టిస్టులు తమ చందాలతో నడుపుకుంటున్న హోమ్ మిషనరీ సొసైటీ రంగయ్యను పంపింది. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. నెల్లూరుకు వచ్చిన అమెరికన్లను ఇక్కడివారెవరూ పిలవలేదు, రంగయ్యను మాత్రం అక్కడి సంఘమే పిలిపించుకుంది. ఆయనను పంపిన డబ్బు కూడా సంపన్న దేశపు నిధి కాదు, పేద సంఘాల కానుక.

1903 జూన్‌లో ఆయన నాటాల్ చేరారు. అదే ఏడాది డిసెంబరు 27న కియర్స్నీలో 48 మందితో తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆ రోజు ఆదివారం. తోట కూలీలకు తీరిక దొరికే రోజు అదొక్కటే. క్రిస్మస్ అయి రెండు రోజులే గడిచింది. నెల్లూరు వైపు చలి మొదలయ్యే ఆ మాసంలో భూగోళానికి దిగువన ఉన్న నాటాల్‌లో నిండు వేసవి. పండుగ మారలేదు గాని దాని చుట్టూ ఉన్న రుతువు తలకిందులైంది. ఇలాంటి చిన్న మార్పులే పరదేశ జీవితంలో మనిషిని ఎక్కువగా తికమకపెడతాయి.

సామి, దొర

రంగయ్యకు భాష నేర్చుకునే పని లేదు. చేరిన రోజు నుంచే తన వారితో మాట్లాడగలడు. కొత్త మిషనరీకి ఇంతకంటే గొప్ప సౌకర్యం ఉండదు. కానీ రెండవ గడప ఆయనకు ఎంతో ఎత్తు.

1897లో నాటాల్ శాసనసభ ప్రవేశ నియంత్రణ చట్టం చేసింది. సొంత ఖర్చుతో వచ్చే ప్రయాణికుడు ఐరోపా భాషలలో ఏదో ఒకదానిలో దరఖాస్తు రాయగలగాలన్నది అందులోని ప్రధాన షరతు. చట్టంలో ఎక్కడా జాతి పేరు లేదు, భాషే ఆ పని చేసిపెట్టింది. తెలుగులో శతకాలన్నీ కంఠస్థమైన పండితుడైనా రేవు అధికారి దృష్టిలో అతడు చదువురానివాడే. ఒప్పందం మీద వచ్చే కూలీలకు మాత్రం ఈ పరీక్ష లేదు. తోటకు చేతులు కావాలి, అక్షరాలతో పనిలేదు. భాషను మనుషులను వడపోసే జల్లెడగా వాడుకున్న చట్టాల చరిత్రలో దీనికి ప్రముఖ స్థానం ఉంది. ఆ తరువాత ఆస్ట్రేలియా కూడా ఇదే పద్ధతిని అనుసరించింది.

తోటలోపల మరో లోకం. అయిదేళ్ల ఒప్పందంలో మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపై ఏడాదికో షిల్లింగు పెంపు. దానితో పాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఎండుచేప. బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి ఇచ్చే రోజులూ ఉండేవి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. తోట దాటి వెళ్లాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. తోట యజమాని ఆస్తి కాబట్టి బయటివాడు లోపలికి రావాలన్నా యజమాని సరేననాలి. బోధకుడు తన సంఘాన్ని కలుసుకోవడం కూడా అలా ఒక తెల్లవాని దయ మీద ఆధారపడే వ్యవహారమైంది. హ్యూలెట్ స్వయంగా మెథడిస్టు కావడం కియర్స్నీ వారికి కొంత కలిసివచ్చి ఉండవచ్చు. ప్రతి తోటలోనూ అలాంటి యజమాని ఉండడు కదా.

ఒప్పందం ముగిశాక కూడా బెడద తీరదు. 1895 చట్టం ప్రకారం, తిరిగి ఒప్పందంలో చేరకుండా, స్వదేశం పోకుండా నాటాల్‌లోనే ఉండదలచినవారు ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, ఒక కూలీకి నాలుగైదు నెలల జీతం. రంగయ్య నాటాల్‌లో దిగిన 1903లోనే ఆ పన్నును యుక్తవయసు వచ్చిన పిల్లలకూ వర్తింపజేశారు. ఆయన సంఘంలోని కుటుంబాల ఇంటి లెక్కల్లో కానుక పెట్టె కంటే ముందు కనిపించేది ఈ పన్నే. 1913లో గాంధీ నాయకత్వంలో జరిగిన మహా సమ్మె తర్వాత, 1914లో గాని అది రద్దు కాలేదు.

వీధిలో మర్యాద సంగతి వేరే చెప్పాలి. నాటాల్‌లో తెల్లవారు భారతీయులందరినీ కూలీలనేవారు. బారిస్టరు కూలీ బారిస్టరు, వ్యాపారి కూలీ వ్యాపారి. మరొక పిలుపు సామి. తమిళ, తెలుగు పేర్ల చివర వచ్చే స్వామి అనే పదాన్ని కుదించి, దాన్నే జాతి మొత్తానికీ వెటకారపు పేరుగా తగిలించారు. ఈ సంగతిని గాంధీ తన ఆత్మకథలో ప్రస్తావించారు. ప్రభువు, యజమాని అని అర్థమిచ్చే మాట సముద్రం దాటగానే తిట్టుగా మారడం పదాల చరిత్రలో అరుదైన ఉదాహరణ. నెల్లూరు వీధుల్లో తెలుగు రెండు ముక్కలు సరిగా పలకలేని అమెరికన్ యువకుణ్ని జనం దొరగారూ అని పిలుస్తున్న రోజుల్లోనే, డర్బన్ వీధుల్లో ఎంత చదువుకున్న తెలుగువాడైనా సామి మాత్రమే. ఇద్దరిదీ ఒకే వృత్తి, ఒకే గ్రంథం.

ఇంకొక సంగతి. గాంధీతో సంబంధమున్న ఇండియన్ ఒపీనియన్ పత్రిక 1903 జూన్ 4న, అంటే రంగయ్య వచ్చిన నెలలోనే, డర్బన్‌లో మొదలైంది. అది ఇంగ్లిషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషల్లో వెలువడింది. అందులో తెలుగు లేదు. తోటల్లో వేల గొంతుల్లో వినిపించే భాషకు అచ్చులో చోటు దక్కని ఆ కాలంలో, తెలుగు ప్రార్థన కూటం కేవలం మతపరమైన అవసరమే అయి ఉండదని ఊహించడం కష్టం కాదు. వారంలో ఆరు రోజులు సర్దారు కేకలూ, జులూ, ఇంగ్లిషు మాటల కలగలుపైన ఫనగలో అనే పని భాషా విన్నవారికి ఏడవ రోజున సొంత మాట వినిపించేది అక్కడే.

మున్షీ దగ్గర పాఠం

ఇప్పుడు అద్దాన్ని ఇటు తిప్పి చూద్దాం. తెలుగు నేలకు వచ్చిన మిషనరీకి చట్టం అడ్డురాకపోవడమే కాదు, అవసరమైతే కలెక్టరు ఇంట భోజనమూ దొరికేది. ఆయనకు లేనిది నోరు.

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో మరణించారు. ముగ్గురి శ్రమ ఫలితమైన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి వాటిని చేతిలోకి తీసుకుని చూసేందుకు ఆ ఇద్దరు ఆంగ్లేయులూ లేరు. వాతావరణానికి అలవాటుపడడం అన్న మాటకు ఆనాడు ఉన్న అర్థం ఇది: అలవాటు పడేదాకా బతికి ఉండడం. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆరేళ్లకే ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లవలసి వచ్చింది.

బతికినవారి మొదటి పని మున్షీని కుదుర్చుకోవడం. 1841లో మచిలీపట్నం చేరిన రాబర్ట్ నోబుల్ రెండేళ్లు తెలుగు నేర్చుకున్నాక గాని 1843లో తన పాఠశాల తెరవలేదు. నేడు ఆ రెండేళ్లు ఎక్కువనిపించవచ్చు. తెలుగు నేర్చుకున్న విదేశీయులెవరూ అలా అనుకోరు. ఐరోపా చెవికి పాట, పాత ఒకటే, కల, కళ ఒకటే. పలు అన్న మాటలో అచ్చును కాస్త సాగదీస్తే పాలవుతుంది. ఇవి నాలుకకు సంబంధించిన చిక్కులు, సాధనతో పోతాయి.

పోని చిక్కులు వేరే ఉన్నాయి. ఇంగ్లిషులో ‘మనం’, ‘మేము’ అనే రెంటికీ ఒకే మాట. తెలుగులో వింటున్నవారిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. కొత్త మిషనరీ దేవునితో ‘మన పాపాలు క్షమించు’ అంటే దేవుణ్ని కూడా పాపుల్లో కలిపినట్లే. జనంతో ‘మేమందరం పాపులం’ అంటే, పాపులు దొరలేనని, తమకు ఆ బెంగ లేదని విన్నవారు అనుకోవచ్చు. ఒక సర్వనామం దగ్గర వేదాంతం మొత్తం తడబడుతుంది. అలాగే నువ్వు, మీరు. దేవుణ్ని నీవనాలి, తహశీల్దారును మీరనాలి. మాదిగవాడలోని వృద్ధుణ్ని ఏమనాలి? ఈ ప్రశ్నకు మున్షీ చెప్పే జవాబు మున్షీ కులానిది. సాధారణంగా అగ్రవర్ణానికి చెందిన ఆ గురువు తాను వాడే సంబోధనే నేర్పుతాడు. శిష్యుడు దాన్ని వ్యాకరణమనుకుని ఒప్పజెబుతాడు. సమానత్వం బోధించాలని వచ్చినవాడి నోట్లో తన ప్రమేయం లేకుండానే కులం చేరిపోతుంది.

పుస్తకంలోని తెలుగుకూ వీధిలోని తెలుగుకూ ఉన్న దూరం మరొకటి. మచిలీపట్నంలో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున పనిచేసిన ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో ప్రచురించిన తెలుగు వ్యాకరణంలో ముందు వాడుక భాష, తరువాత గ్రాంథికం అన్న క్రమాన్ని పాటించారు. మిషనరీ అవసరాన్ని ఎరిగిన పద్ధతి అది. ఊళ్లో నీళ్లు అడగడానికి చిన్నయసూరి వ్యాకరణం పనికిరాదు. తరువాతి శతాబ్దపు తొలి దశకంలో జె.ఎ. యేట్స్ అనే పాఠశాలల పర్యవేక్షకుడు, బడిలో నేర్పే తెలుగు బయట ఎందుకు వినిపించదన్న సందేహం లేవనెత్తారు. ఆ సందేహమే గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమం వైపు నడిపించిన కారణాల్లో ఒకటి. ఇంట్లో పుట్టి పెరిగినవారికి కనబడని గోడ కొత్తగా వచ్చినవాడి తలకు తగిలింది.

ఇంటి పని సంగతి కూడా అంతే. వంట చేసేవాడు ఊడవడు, ఊడ్చేవాడు నీళ్లు ముట్టడు, చాకలి వేరు, బండివాడు వేరు. పనివాళ్లతో నిండిన బంగళాలో చిన్న జీతపు మిషనరీ సైతం దొరలాగే కనిపించేవాడు. ఇంటి వెనుక వంటగది దగ్గర మొదలైన ఆ దూరం ప్రార్థన మందిరం దాకా వెళ్లింది.

పొరుగింటి పరాయివాడు

ఆ దూరం గురించి నిర్మొహమాటంగా మాట్లాడింది ఒక తమిళుడు. రంగయ్య నాటాల్ వెళ్లిన 1903లోనే తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అది తన మిషనరీలను పంపిన తొలి ప్రాంతం నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలు. దాని స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చారు. 1912లో అక్కడే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయన. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన, పాశ్చాత్య మిషనరీలకూ వారి భారతీయ సహచరులకూ మధ్య స్నేహం కొరవడిందని వారి ముఖం మీదనే చెప్పారు.

ఆ మాట అన్న మనిషి అప్పటికి తానే ఒక కొత్త మిషనరీ, తెలుగు నేర్చుకుంటున్నవాడు. తమిళం నుంచి తెలుగుకు రావడం ఇంగ్లిషు నుంచి వచ్చినంత కష్టం కాదు. మేము, మనం తేడా తమిళంలోనూ ఉంది. కానీ అక్కాచెల్లెళ్ల భాషల్లో వేరే రకం ఉచ్చులుంటాయి. తమిళుడికి అవసరం అంటే తొందర, తెలుగువారికి కావలసినది. తమిళంలో పసి అంటే ఆకలి, తెలుగులో లేత వయసు. తెలియని మాట దగ్గర మనిషి ఆగి అడుగుతాడు. తెలుసనుకున్న మాట దగ్గర ఆగడు.

మందిరంలో మారిన మాట

నేడు తెలుగు కథోలిక గురువులు, సన్యాసినులు అమెరికాలో, జర్మనీలో, ఇటలీలో సేవ చేస్తున్నారు. దిశ మారింది గాని గడపలు అవే. స్థానిక భాష నేర్వాలి, వీసా పొందాలి. భారత వీసాల్లోనూ మిషనరీలకు ప్రత్యేక తరగతి ఉంది. రామకృష్ణాపురం కార్యాలయంలో నమోదయ్యే విదేశీయుల కాగితాల్లో అదీ ఒకటి.

నాటాల్‌లో రంగయ్య 12 ఏళ్లు పనిచేసి 1915లో మరణించారు. ఆయన్ను పిలిపించుకున్న తరం తోటల్లోనే వృద్ధాప్యానికి చేరుకుంది. వారి పిల్లలు ఇంగ్లిషు బడులకు వెళ్లారు. మనవళ్ల కాలానికి మందిరంలో ఇంగ్లిషు ప్రార్థన వినిపించసాగింది. బోధకుడు వెంట తెచ్చిన ఒకే ఒక్క సౌకర్యం, అందరికీ తెలిసిన తెలుగు, రెండు తరాల్లో నేర్పవలసిన పాఠమైంది. 1931లో అక్కడి తెలుగువారు, ప్రధానంగా హిందువులు, ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి, ఆ నేల మీద పుట్టిన పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం.